మన గోడ అవతలి హైస్కూల్

(బెంగళూరు తూర్పు శివారులో, అపార్ట్‌మెంట్లలో ఉండే తెలుగు కుటుంబాలు ఆదివారం పూట జరుపుకున్న ఒక సమావేశంలో, ప్రభుత్వ హైస్కూళ్ళలో లెక్కల మాస్టారుగా పనిచేసి రిటైరైన ఒకరు చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసింది.)

అందరికీ నమస్కారం. ముందు వరసలో పిల్లల్ని కూర్చోబెట్టారు. భయపడకండమ్మా, రిటైరయ్యాను, ఎక్కాలు అడగను. (నవ్వులు)

నాకిచ్చిన అంశం పేరు చాలా పెద్దది. ‘శివారు ప్రాంత ప్రభుత్వ విద్య: సవాళ్ళు, అవకాశాలు’ అట. అంత పెద్ద విషయం మాట్లాడటానికి డిపార్ట్‌మెంట్‌లో కమిషనర్లున్నారు. నేను మీ పార్కింగు వెనక గోడ అవతల ఉన్న హైస్కూల్ గురించి మాట్లాడి దిగిపోతాను. పొద్దున పదింటికి వాళ్ళ ప్రార్థన మీకు వినబడుతుంది. ఇంటి నుంచి పనిచేసే రోజుల్లో ఆ మైకు మీద మీకు విసుగు కూడా వచ్చి ఉంటుంది. నేను పనిచేసింది సరిగ్గా ఆ స్కూల్లో కాదు, ఇటువంటివే వేరే చోట్ల. అయినా ఈ తూర్పు వైపు ఒక సర్కారు హైస్కూల్ సంగతి తెలిస్తే మిగతావి ఇంచుమించు తెలిసినట్టే.

ఈసారి అటు వెళ్ళినప్పుడు బోర్డు చూడండి. మీ అడ్రసులో టెక్ పార్కు పేరు, మెయిన్ రోడ్డు పేరు ఉంటాయి. స్కూల్ బోర్డు మీద మాత్రం ఊరి పేరే ఉంటుంది. ఎందుకంటే అది ఊరే. 2007 దాకా కె.ఆర్.పురం, మహదేవపుర బెంగళూరు కార్పొరేషన్‌లో లేవు, వాటి మునిసిపాలిటీలు వాటికుండేవి. ఆ ఏడాది అలాంటి ఏడు నగరసభల్ని, కెంగేరి పురసభని, వందకు పైగా పల్లెల్ని కలిపేసి బీబీఎంపీ అనే ఒకే పెద్ద కార్పొరేషన్ చేశారు. 2023లో మెట్రో వైట్‌ఫీల్డ్ దాకా వచ్చింది. 2025లో కార్పొరేషన్‌ని మళ్ళీ ఐదుగా విడగొట్టారు, మనం తూర్పు కార్పొరేషన్‌లో పడ్డాం. ఇన్ని మారినా ఆ స్కూల్ రాష్ట్ర విద్యాశాఖ కిందే ఉంది, ఊరి పేరుతోనే ఉంది.

ఇటు వైపు చాలా స్కూళ్ళకు స్థలం ఇచ్చింది ఊళ్ళోని రైతు కుటుంబాలే. ఆ కుటుంబాల మనవలు ఇప్పుడు అక్కడ చదవరు. వాళ్ళ పొలాలు లేఅవుట్లయ్యాయి, పిల్లలు ఏసీ బస్సుల్లో పోతున్నారు. అందులో తప్పేం లేదు, మీరూ నేనూ అదే చేస్తాం. మరి అక్కడ చదువుతున్నది ఎవరు? రాయచూరు, యాదగిరి నుంచి వచ్చిన వాళ్ళ పిల్లలున్నారు. తమిళం మాట్లాడేవాళ్ళు, ఒడిశా వాళ్ళు, నేపాల్ వాచ్‌మన్‌ల పిల్లలు ఉన్నారు. ఈ వైపు స్కూళ్ళలో మాత్రం ప్రతి క్లాసులో ఒక పెద్ద గుంపు మనవాళ్ళే. కదిరి, మడకశిర, మదనపల్లె, పాలమూరు. తండ్రి సెంట్రింగు పనో, లారీ క్లీనరో. తల్లి పీజీ హాస్టల్లో వంట, లేకపోతే ఇళ్ళలో పని. 2011 జనాభా లెక్కల్లో కర్ణాటకలో తెలుగు మాతృభాషగా రాయించుకున్నవాళ్ళు 5.84 శాతం. కన్నడ, ఉర్దూ తర్వాత మనమే. ఆ లెక్కలో ఈ గోడకు ఇటు మెయింటెనెన్స్ కట్టేవాళ్ళూ ఉన్నారు, అటు నుంచి వచ్చి మెయింటెనెన్స్ పనులు చేసేవాళ్ళూ ఉన్నారు.

మీరు ఆ స్కూల్‌కి ఏమీ చేయలేదని నేను అనను. బ్యాగులిచ్చారు. గోడలకు రంగులు వేశారు, సౌరకుటుంబం బొమ్మ గీశారు. బొమ్మ బాగుంది, ప్లూటో కూడా ఉంది, అది వేరే సంగతి. (నవ్వులు) కానీ నేను ఉద్యోగంలో చూసింది చెప్తున్నాను. సర్కారు హైస్కూల్ పిల్లల్ని పోగొట్టుకునేది రంగులు లేక కాదు. కాగితం దగ్గర పోగొట్టుకుంటుంది. ఏడు నుంచి ఎనిమిదికి మారే దగ్గర పోగొట్టుకుంటుంది. పది ఫెయిలైన తర్వాత వచ్చే వారం పది రోజుల్లో పోగొట్టుకుంటుంది. ఆ మూడు చోట్లా పిల్లాడి తరఫున నిలబడి మాట్లాడే మనిషి ఒక్కరుంటే చాలు. ఆ మాటసాయం మీరు చేయగలరు. ఈ మధ్యాహ్నం నేను చెప్పదలుచుకున్నది ఇంతే, మిగతాది వివరం.

జూన్ మొదటి వారం హెడ్‌మాస్టర్ గది ఎలా ఉంటుందో చెప్తాను. టేబుల్ ముందు ఒకావిడ నిలబడి ఉంటుంది. కూర్చోమన్నా కూర్చోదు. చేతిలో ఏదో చీరల షాపు ప్లాస్టిక్ కవరు. అందులోంచి నాలుగు మడతలు పెట్టిన టీసీ తీస్తుంది. మడతల దగ్గర అరిగిపోయి, సరిగ్గా పుట్టిన తేదీ మీద చిరుగు. ఆధార్ జిరాక్సు ఉంటుంది, అడ్రసు శ్రీసత్యసాయి జిల్లా. రేషన్ కార్డు కూడా అక్కడిదే. గుమాస్తా కన్నడంలో ఏదో అడుగుతాడు. ఆవిడకు సగం అర్థమవుతుంది. చివరికి నా వైపు తిరిగి, “సార్, మీరు తెలుగోళ్ళా?” అంటుంది. ఆ ఒక్క ప్రశ్న సర్వీసంతా విన్నాను. అవునంటే చాలు, అప్పటిదాకా బిగబట్టుకున్నదంతా బయటకు వస్తుంది. “మా పాప బాగా చదువుతాది సార్, రాసుకోండి సార్.”

రాసుకోవడం అంత తేలిక కాదు. ఇప్పుడంతా కంప్యూటర్. పిల్లకు ఒక పెన్ నెంబరు ఉంటుంది, పర్మనెంట్ ఎడ్యుకేషన్ నెంబర్ అంటారు. పాత స్కూల్ వాళ్ళు వాళ్ళ లాగిన్‌లోంచి ఆ పిల్ల పేరును డ్రాప్‌బాక్స్‌లో, అంటే బడి వదిలినవాళ్ళ జాబితాలో, వేస్తేనే ఇక్కడి స్కూల్ తీసుకోగలదు. అక్కడ వేయకపోతే ఆ పిల్ల కంప్యూటర్‌లో ఇంకా కదిరి దగ్గర ఏదో పల్లెలో చదువుతూనే ఉంటుంది, మనిషి మాత్రం ఇక్కడ వరండాలో నిలబడి ఉంటుంది. ఆ ఊరి హెడ్‌మాస్టర్‌కి ఒక ఫోన్ చేసి, “సార్, ఈ పాపను రిలీజ్ చేయండి” అని తెలుగులో మర్యాదగా చెప్తే అయిపోయే పని. కన్నడం మాత్రమే వచ్చిన గుమాస్తాకు ఆ ఫోన్ చేయడం ఇబ్బంది, ఆ తల్లికి ఏం చెప్పాలో తెలియదు. ఇలా ఒక్క ఫోన్ లేక పిల్లలు దసరా దాకా ‘హాజరు ఉంది, పేరు లేదు’ అనే స్థితిలో కూర్చుంటారు. పేరు లేకపోతే యూనిఫాం రాదు, పుస్తకాల లెక్కలో ఉండరు.

తర్వాత పేర్ల గొడవ. మనకు ఇంటిపేరు ముందుంటుంది, ఇక్కడ తండ్రి పేరులోని అక్షరం వెనక వస్తుంది. టీసీలో ఒకలా, ఆధార్‌లో ఒకలా, ఇక్కడ రాసిన రిజిస్టర్‌లో మరోలా. ఎనిమిదిలో ఎవరూ పట్టించుకోరు. ఎస్‌ఎస్‌ఎల్‌సీ, అంటే ఇక్కడి పదో తరగతి, మార్కుల కార్డు మీద అచ్చయ్యాక, కాలేజీలో చేరేటప్పుడు, స్కాలర్‌షిప్ అప్లికేషన్ తిరిగొచ్చినప్పుడు ఏడుపు మొదలవుతుంది. మీ ఇంట్లో పనిచేసే అమ్మాయి కొడుకు తొమ్మిదిలో ఉంటే, దయచేసి ఈ ఒక్కటి చూడండి. ఆధార్, స్కూల్ రిజిస్టర్ పక్కపక్కన పెట్టి పేరు ఒకేలా ఉందో లేదో. పది పరీక్ష రాసేవాళ్ళ జాబితా, నామినల్ రోల్ అంటారు, అది పంపకముందే అయితే హెడ్‌మాస్టర్ చేయి దాటిపోదు.

చట్టం ఏమంటుందో కూడా తెలిసి ఉండటం మంచిది. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం పద్నాలుగేళ్ళ లోపు పిల్లల్ని టీసీ ఆలస్యమైందనో, వయసు రుజువు లేదనో చేర్చుకోకుండా ఉండకూడదు. వయసుకు తగిన తరగతిలోనే చేర్చుకోవాలి. హెడ్‌మాస్టర్లకు ఈ సంగతి తెలియక కాదు. పై రాష్ట్రం టీసీ మీద అక్కడి విద్యాధికారి కౌంటర్ సంతకం ఏదని రేపు ఆడిట్‌లో అడుగుతారనే భయం. గొడవ పెట్టుకోకండి. “ఇప్పుడు చేర్చుకోండి సార్, సంతకం మేం తెప్పిస్తాం” అనండి. నూటికి తొంభై మంది ఒప్పుకుంటారు.

ఇంకో లెక్క ఉంది, దీన్ని ఎవరూ చెప్పరు. ఇంజనీరింగు లాంటి చదువులకు ప్రవేశ పరీక్ష కర్ణాటక సీఈటీ. అందులో ప్రభుత్వ సీటు కావాలంటే మామూలుగా వర్తించే నిబంధన ఏమిటి? ఒకటి నుంచి పన్నెండు లోపు కనీసం ఏడేళ్ళు ఇక్కడ చదివి ఉండాలి, ఎస్‌ఎస్‌ఎల్‌సీ గానీ సెకండ్ పీయూసీ గానీ ఇక్కడ పాసై ఉండాలి. పీయూసీ అంటే మన ఇంటర్. వేళ్ళ మీద లెక్కపెట్టండి. ఆరులో చేరితే ఆరు, ఏడు, ఎనిమిది, తొమ్మిది, పది, రెండు పీయూసీలు. ఏడు సరిపోయింది. ఏడులో చేరితే ఒకటి తక్కువ. ‘పెద్దోడు ఊళ్ళో అవ్వ దగ్గర ఆరు కూడా కానిచ్చి వస్తాడు లెండి’ అని వాయిదా వేసుకున్న తండ్రికి, ఆ ఒక్క ఏడాదితో ఏం పోతుందో తెలియదు. వేరే వెసులుబాట్లు కొన్ని ఉన్నాయి గానీ, కూలి పనికి వచ్చిన కుటుంబాలకు అవి తగలడం కష్టం. కుల ధ్రువపత్రం సంగతీ అంతే. ఆంధ్రా నుంచి తెచ్చిన ఎస్సీ, ఎస్టీ సర్టిఫికెట్ ఇక్కడ రిజర్వేషన్‌కి పనికిరాదు. 1990లో సుప్రీంకోర్టు మర్రి చంద్రశేఖరరావు కేసులో తేల్చిన విషయం అది. ఆంధ్రాలో ఎస్టీగా ఉన్న కుటుంబం బొంబాయి వెళితే, అక్కడ మెడికల్ సీటులో ఆ రిజర్వేషన్ వర్తించదన్నారు. చట్టం మంచిచెడ్డలు మనం ఈ మధ్యాహ్నం తేల్చలేం. ఆ పిల్లాడి ఇంట్లో ఆ సంగతి ముందే తెలిసి ఉండాలి, అంతే. 2023లో ఆడవాళ్ళకు బస్సు ఉచితం చేశారు కదా, అది కూడా ఇక్కడి అడ్రసు ఉన్నవాళ్ళకే. మన తల్లులు చాలామంది అదే బస్సులో టికెట్ కొనుక్కుని నిలబడతారు.

ఇక ఎనిమిదో తరగతి. ఆంధ్రాలో మీరు ఆరు నుంచి పది దాకా ఒకే హైస్కూల్లో చదివి ఉంటారు. ఇక్కడ ప్రైమరీ ఏడు దాకా, హైస్కూల్ ఎనిమిది నుంచి. కొన్ని చోట్ల ప్రైమరీలోనే ఎనిమిది ఉంది గానీ ఎక్కువ చోట్ల ఇంతే. అంటే పదమూడేళ్ళ వయసులో పిల్ల బడి మారాలి. పక్క గేటే అయినా బడి మారడం బడి మారడమే. మళ్ళీ టీసీ, మళ్ళీ అడ్మిషన్, కొత్త టీచర్లు. సరిగ్గా ఆ వయసుకే ఇంట్లో తమ్ముడిని చూసుకోవడానికి మనిషి కావాలి. సరిగ్గా ఆ వయసుకే మేస్త్రి, “వీడు చేతికందొచ్చాడు” అంటాడు. ఏడు పాసైన పిల్లల జాబితా పట్టుకుని ఎనిమిదిలో ఎవరు చేరలేదో చూసి ఇంటింటికీ తిరగడం టీచర్ల పని. తిరుగుతాం కూడా. కానీ షెడ్లు ఒక బిల్డింగు అయిపోగానే ఇంకో చోటికి మారిపోతాయి. ఆ పిల్ల ఎక్కడుందో నాకు తెలియదు, ఆమె తల్లిని రోజూ లిఫ్ట్‌లో చూసే మీకు తెలుస్తుంది.

ఎనిమిదిలో మొదటి రోజు నేను పాఠం చెప్పేవాణ్ణి కాదు. చిన్న భాగహారం ఒకటి, భిన్నాల కూడిక ఒకటి ఇచ్చి ఊరికే వరసల మధ్య నడిచేవాణ్ణి. పెదాలు చూడాలి. ఒకడు ‘ఏడెనిమిదులు యాభై ఆరు’ అంటుంటాడు, పక్కవాడు ‘ఏళెంట్ల ఐవత్తారు’ అంటుంటాడు. పెదాలు కదులుతున్నాయంటే వాడు బతికినట్టే. కదలనివాళ్ళు ఉంటారు. పక్కవాడి పుస్తకం వైపు చూసే ఓపిక కూడా వాళ్ళకు పోయి ఉంటుంది. మధ్యలో రెండు బళ్ళు, మూడు ఊళ్ళు మారినవాడికి భాగహారం ఏ ఊళ్ళో తప్పిపోయిందో వాడికే తెలియదు. వాళ్ళకు సిలబస్‌లోని బీజగణితం చెప్పడమంటే పునాది లేని చోట శ్లాబు వేయడం. సాయంత్రం నాలుగున్నర తర్వాత గంటసేపు, ఒక్కో పెద్దమనిషి ముగ్గురు పిల్లల్ని కూర్చోబెట్టుకుని నాలుగో తరగతి లెక్కలు చేయిస్తే డిసెంబరుకి దారిలో పడతారు. ఇంజనీర్లు కానక్కరలేదు, ఓపిక ఉన్న తాతగారైనా చాలు. ఈ సొసైటీలో రిటైరైన పెద్దలు ఎంతమంది ఉన్నారో నాకు వాకింగ్ ట్రాక్ మీద తెలుస్తూనే ఉంది.

భాష గురించి భయం వద్దు. 2015 చట్టం తర్వాత కన్నడం తప్పనిసరి, అది మంచిదే. మన లిపికి దగ్గరిది కాబట్టి తెలుగు పిల్లలకు దసరా లోపు చదవడం వచ్చేస్తుంది. రాయడంలో కొన్నాళ్ళు కన్నడ అక్షరం మీద మన తలకట్టు పెట్టేస్తుంటారు, కన్నడ మేడమ్ ఎర్ర ఇంకు అంతా దానికే అయిపోతుంది. (నవ్వులు) ప్రతిభా కారంజి పోటీలకు కన్నడ భావగీతం పాడటానికి మేం పంపింది ఎన్నోసార్లు మన పాలమూరు, కదిరి పిల్లల్నే.

ఎనిమిది దాటితే గండం గడిచిందనుకోకండి, తొమ్మిదిలో ఇంకో అల ఉంటుంది. విద్యాహక్కు చట్టం కింద ప్రైవేటు స్కూళ్ళలో పేద పిల్లలకు 25 శాతం ఉచిత సీట్లు వచ్చాయి గుర్తుందా? కర్ణాటకలో 2012లో మొదలైంది. ఆ ఉచితం ఎనిమిదితో ఆగిపోతుంది. ఎనిమిదేళ్ళు టై కట్టుకుని చదివిన పిల్లాడికి తొమ్మిదిలో ఫీజు నోటీసు వస్తుంది. తల్లి కట్టలేదు, సర్కారు హైస్కూల్‌కి తెస్తుంది. 2020 తర్వాత అలాంటి పిల్లల్ని నేను చాలామందిని చూశాను. వాళ్ళకు లెక్కలు వచ్చు, ఇంగ్లీషు వచ్చు. ఉన్న బాధ అవమానం. పాత స్నేహితులు గోడ మీంచి చూస్తారేమోనని గ్రౌండ్‌లోకి రారు. 2019 నుంచి దగ్గర్లో ప్రభుత్వ బడి ఉంటే ప్రైవేటులో ఆ సీట్లు ఇవ్వనక్కరలేదని నియమం మార్చారు కాబట్టి ఈ అల ముందు ముందు తగ్గుతుంది. అప్పుడు మొదటి నుంచీ సర్కారు బడే.

భోజనం విషయంలో మాత్రం సర్కారు బడికి ఢోకా లేదు. కేంద్రం డబ్బు ఎనిమిది దాకే, తొమ్మిది పదికి రాష్ట్రమే పెడుతుంది. 2013 నుంచి పాలు ఇస్తున్నారు, గుడ్డు వారానికి రెండు రోజులుండేది 2024లో ఆరు రోజులైంది. అజీం ప్రేమ్‌జీ ఫౌండేషన్ డబ్బు కలిపింది. మనవాళ్ళు గొప్ప చెప్పుకోవడానికి ఒక ముక్క కూడా ఉంది. 1920లో మద్రాసు కార్పొరేషన్ బడిలో మధ్యాహ్న భోజనం మొదలుపెట్టిన పిట్టి త్యాగరాయ చెట్టి తెలుగువాడే.

మీరిచ్చిన వస్తువుల సంగతికొస్తాను, చాలామందికి దాని మీద కోపం ఉందని విన్నాను. “ట్యాబ్‌లు ఇచ్చాం సార్, బీరువాలో పెట్టి తాళం వేశారు” అని ఇందాక ఎవరో అన్నారు. వేస్తారు. నేను చెప్తాను ఎందుకో. మీరిచ్చిన ప్రతి వస్తువూ స్టాక్ రిజిస్టర్‌లో ఎక్కుతుంది. పోతే హెడ్‌మాస్టర్ బాధ్యత. రాత్రి కాపలా ఉండదు, కిటికీ ఊచలు విరిగి ఉంటాయి. ఆయనకు రిటైర్‌మెంట్ దగ్గర పడితే, నో డ్యూ సర్టిఫికెట్ ఆగిపోతుందేమోనని టెన్షన్. తాళం వేసిన ట్యాబ్ పోదు, వాడిన ట్యాబ్ పోవచ్చు. ఆయన స్థానంలో మీరున్నా అదే చేస్తారు. వస్తువు ఇచ్చేముందు కిటికీకి ఊచలు పెట్టించండి, ఆడపిల్లల మరుగుదొడ్డికి నీళ్ళ కనెక్షన్ ఇప్పించండి. ఆ రెండో దాని మీద ఎవరూ తమ కంపెనీ పేరు రాసుకోలేరు, అందుకే అది చివరిదాకా ఉండిపోతుంది.

గ్రౌండ్ గురించి కొంచెం కఠినంగా మాట్లాడతాను, ఏమీ అనుకోకండి. ఈ చుట్టుపక్కల ఖాళీగా ఉన్న జాగా అదొక్కటే. అందుకే అందరి కన్నూ దాని మీదే. పెళ్ళి అయితే కార్లు అక్కడ, వాటర్ ట్యాంకర్లు అక్కడ, పండగ పందిరి అక్కడ, ఆదివారం మన క్రికెట్ కూడా అక్కడే. ఆడండి, నేను వద్దనను. పిల్లలు సోమవారం పొద్దున ప్రార్థనకు ముందు గాజు పెంకులు, సిగరెట్ పెట్టెలు ఏరుతుంటారు. పీటీ మాస్టారు విజిల్ వేసి వరసగా నిలబెట్టి ఏరిస్తారు, ఎందుకంటే తొమ్మిదో తరగతి వాళ్ళు చెప్పుల్లేకుండా ఖోఖో ఆడతారు. గ్రౌండ్ ఒక మూల నుంచి కరిగిపోవడం కూడా నేను చూశాను. మొదట ఎవరిదో ఇసుక కుప్ప, తర్వాత రేకుల షెడ్డు, ఆ తర్వాత ‘ఇది మా తాత జాగా’ అనే కాగితం. పాత కాలంలో నోటిమాటతో ఇచ్చిన స్థలాలకు గిఫ్ట్ డీడ్ ఉండదు. స్కూల్ పేరు మీద స్థలం ఖాతా ఉందా, సర్వే అయిందా అని తహసీల్దారు ఆఫీసులో అడగడానికి హెడ్‌మాస్టర్‌కి తీరికా ఉండదు, ధైర్యమూ ఉండదు. మీలో ఫ్లాట్ కొనేముందు ఇరవై ఏళ్ళ ఈసీ, అంటే ఆ ఆస్తి లావాదేవీల చిట్టా, తీయించినవాళ్ళు చాలామంది ఉన్నారు. ఆ విద్య ఒక్కసారి ఆ స్కూల్ కోసం వాడండి. స్కూల్ కమిటీలో, ఎస్‌డీఎంసీ అంటారు, తల్లిదండ్రులే ఉంటారు, వాళ్ళతో కలిసి వెళ్ళండి. వాళ్ళను పక్కన పెట్టి మాత్రం వెళ్ళకండి. అక్కడ సభ్యురాలైన హౌస్‌కీపింగ్ ఆవిడ సంతకం విలువ ఉన్న సంతకం.

టీచర్ల ఖాళీల గురించి పొడుగ్గా చెప్పను, ప్రతి పేపర్లోనూ వస్తుంది. ఖాళీలో గెస్ట్ టీచర్ వస్తారు, జీతం పది పన్నెండు వేల చుట్టూ. మీ కారు డ్రైవర్‌కి అంతకన్నా ఎక్కువిస్తారు. అయినా బీఈడీ చదివిన పిల్లలు వచ్చి బాగానే చెప్తారు, మంచి అవకాశం రాగానే వెళ్ళిపోతారు. పది మధ్యలో సైన్స్ మేడమ్ మారిపోతే ఏమవుతుందో మీరే ఊహించుకోండి.

పదో తరగతి. మొత్తం 625 మార్కులు. 2023లో రాష్ట్రంలో 83.89 శాతం పాసయ్యారు. 2024లో 73.40. పిల్లలు ఒక్క ఏడాదిలో మొద్దులయ్యారా? పరీక్ష గదుల్లో కెమెరాలు పెట్టి వెబ్‌కాస్టింగ్ చేశారు. గ్రేస్ మార్కులు పెంచినా సరే అంత తగ్గింది. నా మాట కొంతమంది తోటి మాస్టార్లకు నచ్చదు గానీ, కెమెరాలు పెట్టడం మంచి పని. ఎవరు నేర్చుకున్నారో ఎవరు నేర్చుకోలేదో మొదటిసారి అందరికీ కనబడింది. స్కూళ్ళలో ‘పాసింగ్ ప్యాకేజీ’ అని ఒకటి ఉంటుంది, వెనకబడ్డ పిల్లాడికి ఈ ప్రశ్నలు, ఈ పటాలు నేర్చుకుంటే గట్టెక్కుతావని ఇస్తాం. నేనూ ఇచ్చాను. జనవరిలో దిక్కుతోచనివాడికి అది కావాలి. దాన్ని జూన్ నుంచే పట్టుకుంటే మాత్రం లెక్కలు నేర్పడం మానేసినట్టే.

మనవాళ్ళకు ఇంకో చిక్కు ఉంది. ఎస్‌ఎస్‌ఎల్‌సీ పరీక్షలు మార్చిలో. కదిరి తేరు కూడా హోలీ పున్నమి దాటగానే. ప్రిపరేటరీ పరీక్షలు ముగిసి పునశ్చరణ జరిగే రోజుల్లో కుటుంబం మొత్తం ఊరికి బస్సెక్కుతుంది. వద్దని చెప్పలేం, స్వామి తేరు అది. ఏడాదంతా సిమెంటు మోసి ఆ నాలుగు రోజుల కోసం బతికేవాళ్ళు వాళ్ళు. నేను తండ్రులతో, “నువ్వు పో, తేరు లాగు, పాపను మాత్రం మీ చెల్లెలింట్లో ఇక్కడే వదిలిపెట్టు” అనేవాణ్ణి. కొందరు వినేవారు. ఆడపిల్లయితే ఊళ్ళో సంబంధం చూసి వస్తారేమోనన్న భయం కూడా ఉంటుంది, అది ఊరికే అంటున్న మాట కాదు.

ఫలితాలు వేసవి సెలవుల్లో వస్తాయి. 2024 నుంచి ఏడాదికి ఒకటి కంటే ఎక్కువ పరీక్షలు పెడుతున్నారు. మొదటిదాంట్లో లెక్కలు పోతే రెండోది ఉంది. ఏడాది వృథా కాదు, అదే ఏడు పీయూసీలోనో ఐటీఐలోనో చేరొచ్చు. చాలా మంచి ఏర్పాటు. కానీ ఫలితం వచ్చాక రెండో పరీక్షకు దరఖాస్తు చేయడానికి ఉండేది కొద్ది రోజులే. ఫెయిలైన పిల్లాడు ఆ రోజుల్లో స్కూల్ వైపు రాడు. ముఖం చూపించలేక ఫోన్ ఎత్తడు. వాళ్ళ నాన్న, “చదివింది చాలు” అని మర్నాడే పనికి తీసుకుపోతాడు. మీ సెక్యూరిటీ గార్డు కొడుకు ఆ రోజుల్లో హఠాత్తుగా కార్లు కడుగుతూ కనిపిస్తే, “ఏరా, సెలవులా?” అని నవ్వి వెళ్ళిపోకండి. “పరీక్ష రెండుకి కట్టావా?” అని అడగండి.

నా మాటలు అయిపోయాయి. ప్రశ్నలేమైనా ఉంటే అడగండి.

(ఒక శ్రోత: మాస్టారూ, మా పిల్లల్ని కూడా అక్కడే వేయమంటారా?)

మీరు వేయరు, నాకు తెలుసు, మీకూ తెలుసు. నేను అడగలేదు కూడా. అయితే మీ పిల్లలు ఖోఖో ఆడటానికి వాళ్ళ గ్రౌండ్‌కి వెళ్ళొచ్చు, ఓడిపోయి రావచ్చు. (నవ్వులు)

(మరో శ్రోత: మేం వెళితే హెడ్‌మాస్టర్ మమ్మల్ని లోపలికి రానిస్తారా? తనిఖీకి వచ్చామనుకుంటారేమో.)

మొదటి రోజు అనుకుంటారు. కెమెరా తీయకండి, పిల్లలతో ఫోటోలు వద్దు. వాట్సాప్ గ్రూపులో పెట్టడానికి వచ్చారని తెలిస్తే గేటు మళ్ళీ తెరవరు. ఒకే మనిషి, ఒకే రోజు, ఒకే వేళకు నెల్లాళ్ళు వెళ్ళండి. ప్రతివారం కొత్త ముఖం వస్తే టీచర్లకు పాఠం ఆపి మర్యాదలు చేయడమే పని అవుతుంది.

(ఒక శ్రోత: మా వంటమనిషి కూతురు తొమ్మిది. మూడు వారాలుగా బడికి పోవడం లేదు. ఊరికి వెళ్ళి వచ్చారట, ఇప్పుడు పంపితే తిడతారని భయపడుతోంది. పద్నాలుగు నిండాయి కాబట్టి చేర్చుకోకపోయినా అడగలేం అంటున్నారు, నిజమేనా?)

పద్నాలుగు దాటితే విద్యాహక్కు చట్టం అండ ఉండదు, ఆ మాట నిజమే. కానీ ఆమెను కొత్తగా చేర్చక్కరలేదు కదమ్మా, పేరు రిజిస్టర్‌లో ఉంది. మూడు వారాలకు ఎవరూ పేరు కొట్టేయరు, ఇంకా నాన్చితే మాత్రం గైర్హాజరు రాసి తీసేస్తారు. రేపు సోమవారం. పది నుంచి పదిన్నర దాకా ప్రార్థన, హాజరు ఉంటాయి, అప్పుడు వెళ్ళకండి. పదకొండింటికి వెళ్ళండి. తల్లిని తీసుకెళ్ళండి, పిల్లను కూడా. హెడ్‌మాస్టర్ కంటే ముందు క్లాస్ టీచర్‌ని కలవండి, హాజరు పుస్తకం ఆవిడ దగ్గరే ఉంటుంది. ఆలస్యానికి కారణం రాసి ఒక లెటర్ ఇవ్వమంటారు. ఆ తల్లికి రాయడం రాకపోతే మీరు కన్నడంలోనో ఇంగ్లీషులోనో రాసి, ఆమె చేతనే సంతకం పెట్టించండి. మీరు పెట్టకండి.